బల్ల మధ్యన పూలపళ్ళెం: తక్కువ ఖర్చుతో ఋతువుకో అలంకరణ



ఈ రోజు మన పాఠం భోజనాల బల్ల మధ్యలో పెట్టే అలంకరణ గురించి. ఇంగ్లీషులో దీన్ని సెంటర్‌పీస్ అంటారు. మనవాళ్ళకు కూడా ఆ మాటే అలవాటైపోయింది కాబట్టి నేనూ అక్కడక్కడ అదే వాడతాను. మీలో గృహవిజ్ఞానం చదివేవారికి ఇది పరీక్షకు పనికివచ్చే అంశం. తక్కినవారు ఇది మాకెందుకు అనుకోవద్దు. హాస్టల్లో వీడ్కోలు విందు కావచ్చు, ఇంట్లో అక్కయ్య నిశ్చితార్థం కావచ్చు, తాతయ్య షష్టిపూర్తి కావచ్చు. ఎప్పుడో ఒకప్పుడు "కాలేజీలో చదువుతున్నావు కదా, ఆ బల్ల కాస్త అందంగా సర్దు" అని మీకే పురమాయిస్తారు. చేతిలో పెట్టేది మాత్రం వందో, రెండు వందలో.

ముందుగా నేను పాడుచేసిన ఒక అలంకరణ గురించి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా కాలేజీలో చాలా ఏళ్ళు పనిచేసిన ఒక ఆయమ్మ పదవీ విరమణ చేశారు. అందరం తలా కొంత వేసుకుని ఆవిడకు మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేశాం. బల్ల అలంకరించే పని నాకు అప్పగించారు. కొత్త ఉత్సాహం కదా, వసూలైన డబ్బులో పెద్ద భాగం పెట్టి గ్లాడియోలస్ కాడలు, జెర్బెరాలు తెప్పించాను. థర్మోకోల్ దిమ్మెకు వెండిరంగు కాగితం చుట్టి, ఆ కాడలన్నీ దానిలో గుచ్చి నిలబెట్టాను. మూడడుగుల ఎత్తు వచ్చింది. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. వడ్డన మొదలయ్యేసరికి జెర్బెరాలు తలలు వాల్చేశాయి. అది కూడా సరే. ఆ రోజుల్లో రీలు కెమెరా. ఉన్నది ఒకటే గ్రూపు ఫోటో. కడిగించి చూస్తే ఆయమ్మ కూర్చున్న చోట గ్లాడియోలస్ పూలు ఉన్నాయి. వాటి వెనక ఆవిడ నుదురు, కొప్పు మాత్రమే కనిపిస్తున్నాయి. నెల తరవాత పెన్షను కాగితాల పని మీద వచ్చి, ఫోటో అడిగి చూసుకున్నారు. "నేనెక్కడమ్మా?" అన్నారు. వేలుపెట్టి చూపించాను. "పూలు బాగా పడ్డాయిలెండి" అని నవ్వి, ఫోటో సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ ఫోటో మళ్ళీ తీయడానికి వీలుపడలేదు. అందుకే నా క్లాసులో రంగుల పొందిక కంటే, సమతౌల్యం కంటే ముందు ఎత్తు గురించి చెబుతాను. బల్ల దగ్గర కూర్చోండి. మోచేయి బల్లమీద ఆనించి, ముంజేతిని నిటారుగా నిలబెట్టండి. మీ మణికట్టు ఎక్కడికి వచ్చిందో, అలంకరణ ఎత్తు అక్కడితో ఆగిపోవాలి. స్కేలుతో కొలిస్తే ఇది సుమారు 25 సెంటీమీటర్లు వస్తుంది. పుస్తకాల్లో పువ్వుల ఎత్తు పాత్రకు ఒకటిన్నర రెట్లు ఉండాలన్న సూత్రం చదివి ఉంటారు. అది గది మూలలో, గోడ వారన, అన్ని వైపుల నుంచీ మనుషులు కూర్చోని చోట పెట్టే అలంకరణకు బాగా పనికివస్తుంది. నలుగురూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటూ తినే బల్లకు ఆ సూత్రం ఒక్కటే చాలదు.

వెడల్పు సంగతి కూడా చూద్దాం. బల్ల వెడల్పులో మూడో వంతు దాటవద్దని సాధారణంగా చెబుతారు. మన ఇళ్ళలో అంత చోటు కూడా దొరకదు. పాశ్చాత్య పద్ధతిలో వంటకాలు ఎవరి పళ్ళెంలోకి వారికి వడ్డించి తెస్తారు కనుక చాలాసార్లు బల్ల మధ్యభాగం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని నింపడానికే సెంటర్‌పీస్ పుట్టింది అనుకున్నా తప్పులేదు. మన బల్ల మధ్యలో అన్నం గిన్నె, పప్పు గిన్నె, రెండు కూరలు, పచ్చడి జాడీ, నేతిగిన్నె, పెరుగు, మంచినీళ్ళ జగ్గు ఉంటాయి. వాటిని పక్కకు నెట్టి పూలగుత్తి పెడితే, అన్నం గిన్నె అందుకోవడానికి ఎవరో ఒకరు లేచి నిలబడాలి. కాబట్టి మన బల్లకు గుండ్రటి పెద్ద గుత్తి కంటే, బల్ల పొడవునా జానెడు వెడల్పులో సాగే సన్నటి వరుస అనువుగా ఉంటుంది. గిన్నెలు దానికి అటూ ఇటూ సర్దుకుంటాయి. ఇంట్లో బల్లే లేదు, చాపమీద కూర్చుని తింటాం అంటారా? మరీ మంచిది. అక్కడ అలంకరణ బెత్తెడు ఎత్తు ఉంటే చాలు, ఒక పళ్ళెం నీళ్ళూ నాలుగు పూలతో సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మీరు పుష్పాలంకరణ మీద ఏ ఇంగ్లీషు పుస్తకం తెరిచినా అందులో పువ్వుకు పొడవాటి కాడ ఉంటుంది. కాడను ఏటవాలుగా కోయమంటారు, నీళ్ళలో పెట్టమంటారు. మీరు హైదరాబాదులో గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకో, రాజమండ్రి దగ్గర కడియపులంక పూల మార్కెట్టుకో వెళ్ళి చూడండి. బంతి, చామంతి, కనకాంబరం, మల్లె, నాటు గులాబీ అన్నీ గంపల్లో, గోనెల్లో, రాశులుగా తూకానికి అమ్ముతారు. వాటికి కాడ ఉండదు. ఎందుకంటే మన దగ్గర పువ్వు వెళ్ళేది దండలోకి, జడలోకి, దేవుడి పాదాల దగ్గరికి. వీటిని విడిపూలు అంటారు. పొడుగు కాడతో కట్ట కట్టి, ఒక్కో కాడకు లెక్కకట్టి అమ్మే డచ్ గులాబీ, జెర్బెరా, కార్నేషన్ వంటివి వేరే రకం. ఖరీదంతా వాటిదే. విడిపూలు చవక. కానీ పుస్తకంలో చెప్పిన అలంకరణ వాటితో చేయలేం కనుక, మన పిల్లలు చవక పూలను వదిలేసి ఖరీదైనవి కొని, అవి వాడిపోతే బాధపడుతూ ఉంటారు. నేను చేసిందీ అదే.

విడిపూలతో పని చేయడానికి మూడు దారులున్నాయి. నీళ్ళలో తేల్చడం, రాశిగా పేర్చడం మీ ఇళ్ళలో మీరు చూసినవే. మూడోది, పువ్వుకు మనమే కాడ ఇవ్వడం. కొబ్బరి చీపురులో ఈనె పుల్ల ఉంటుంది కదా, శుభ్రమైన కొత్త చీపురులోంచి తీసిన ఈనెను పువ్వు అడుగున ఆకుపచ్చగా ఉండే బొడిపె మధ్యలోకి గుచ్చండి. పై రేకుల దాకా రాకూడదు, సగం దూరం వెళితే చాలు. బంతికీ, చామంతికీ ఇది చక్కగా నిలుస్తుంది. ఈనెలోంచి పువ్వుకు నీరు అందదు, నిజమే. కానీ ఒక్క సంగతి గుర్తుచేసుకోండి. గుమ్మానికి కట్టిన బంతిదండకు మాత్రం నీరు ఎక్కడినుంచి వస్తోంది? నీళ్ళు లేకుండానే ఒక పూటంతా, కొన్నిసార్లు మర్నాటి దాకా కళగా ఉండగల పూలు కనుకే వాటిని దండలకు వాడుతున్నారు. మన విందుకు కావలసింది నాలుగు గంటలు. గులాబీకి మాత్రం ఈనె గుచ్చకండి, త్వరగా రేకులు రాలుస్తుంది.

ఈనెలు నిలబెట్టడానికి ఆధారం కావాలి. ఇక్కడ నాకు బాగా నచ్చిన వస్తువు అరటి బోదె. కొన్ని ఊళ్ళలో అరటి బొంద అంటారు. అరటిచెట్టు ఒక్కసారే గెల వేస్తుంది. గెల కోశాక చెట్టును నరికేస్తారు. లోపలి దూట కూరకో, పెరుగు పచ్చడికో పోతుంది. పైన ఉండే పట్టలన్నీ తోటలోనే పడి ఉంటాయి. కోనసీమలోనూ తెనాలి ప్రాంతంలోనూ ఉన్నవారికి దీన్ని కొనవలసిన పని కూడా ఉండదు. పట్నాల్లో ఉన్నవారు పెళ్ళి పందిళ్ళ దగ్గర చూడండి. ద్వారానికి కట్టిన అరటిచెట్లు మర్నాడు పారబోతలోకే వెళతాయి, అడిగితే ఇస్తారు.

జానెడున్నర పొడవు ముక్క తీసుకుని నిలువుగా రెండు చెక్కలుగా చీల్చండి. ఒక చెక్కను, కోసిన బల్లపరుపు వైపు కిందికి ఉండేలా స్టీలు పళ్ళెంలో పడుకోబెట్టండి. బోదె మెత్తగా ఉంటుంది కనుక ఈనె దానిలోకి సులువుగా దిగుతుంది. లోపలంతా గదులు గదులుగా నీరు ఉంటుంది కనుక కాడ ఉన్న ఆకులు గుచ్చితే వాటికీ కొంత తేమ దక్కుతుంది. రెండు జాగ్రత్తలు చెప్పాలి. అరటి బంక బట్టకు అంటితే మరక పోదు. కోసినప్పుడు పాత చొక్కా వేసుకోండి, బోదెను సరాసరి బల్లగుడ్డ మీద పెట్టకండి. రెండోది, కోసిన అంచులు గంటలో గోధుమరంగుకు తిరుగుతాయి. అరటాకు పీలికతోనో, మామిడాకులతోనో ఆ అంచులు కప్పేయండి. ముందు ఆకులు, తరవాత పెద్ద పూలు, చివర చిన్న పూలు గుచ్చాలి. బోదె కనబడకుండా నిండితే పని అయిపోయినట్టే. పావుకిలో తూకానికి మధ్యరకం బంతిపూలు ముప్పయి దాకా వస్తాయి. ఆరుగురు కూర్చునే బల్లకు అవి సరిపోతాయి.

పూల దుకాణాల్లో ఆకుపచ్చటి ఇటుక లాంటి స్పాంజి వాడడం మీరు చూసి ఉంటారు. నీళ్ళలో వేస్తే బరువెక్కి మునుగుతుంది, కాడ గుచ్చితే అలాగే నిలుస్తుంది. దాన్ని 1954లో అమెరికాలో వెర్నన్ స్మిథర్స్ తయారుచేశారు. చాలా వీలైన వస్తువు, కాదనను. కానీ అది ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో చేసిన ప్లాస్టిక్కే. చేత్తో నలిపితే పొడి అయిపోతుంది, ఆ పొడి మట్టిలో కలిసిపోదు. సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులుగా కాలువల్లోకి చేరుతుంది. బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన పుష్ప ప్రదర్శనల్లో దాన్ని వాడనివ్వడం లేదు. ఇక నేను వాడిన థర్మోకోల్ సంగతి. అలంకరణ కోసం థర్మోకోల్ తయారుచేయడం, అమ్మడం, వాడడం మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధం. అయినా మన ఫంక్షన్లలో అది ఇంకా కనబడుతూనే ఉంటుంది. మీరు చేసే బల్లమీద కనబడకుండా చూసుకోండి.

బోదె దొరకని చోట తడి ఇసుక నింపిన మూకుడు పనికివస్తుంది. మట్టి పాత్ర నీరు చెమరుస్తుంది కాబట్టి కింద పళ్ళెం తప్పనిసరి. వెడల్పాటి గిన్నె మూతిమీద సెల్లోటేపును అడ్డంగా, నిలువుగా గళ్ళుగా అంటించి, ఒక్కో గడిలో ఒక్కో కాడ పెట్టవచ్చు. జపానువారి ఇకెబానాలో ముళ్ళ దిమ్మె వాడతారు. అది ఒకసారి కొంటే చాలా ఏళ్ళు ఉంటుంది. మీ కాలేజీ ప్రయోగశాలలో ఉంటే తప్పక వాడి చూడండి. ఆ కళలో మోరిబానా అనే శైలి ఒకటుంది, పందొమ్మిదో శతాబ్దం చివర ఒహరా ఉన్షిన్ దాన్ని ప్రవేశపెట్టారు. లోతు తక్కువైన వెడల్పాటి పాత్రలో నాలుగైదు కాడలతో, నీరు కనబడేలా చేస్తారు. కొద్ది పూలతో నిండుదనం ఎలా తేవచ్చో దాన్ని చూస్తే తెలుస్తుంది.

మీ పెరట్లోనే కాడ ఉన్న పూలు ఉంటే, వాటికి నీరు అందడం ఎలాగో వృక్షశాస్త్రం క్లాసులో చదివినదే ఇక్కడ పనికివస్తుంది. ఆకుల నుంచి, రేకుల నుంచి బాష్పోత్సేకం జరుగుతూ ఉంటే, కాడలోని దారునాళాల గుండా నీరు పైకి లాగబడుతుంది. గాలిలో కాడను కోసినప్పుడు ఆ లాగుడుకు నాళంలోకి గాలి బుడగ ప్రవేశిస్తుంది. దాంతో నీటిధార తెగిపోతుంది. పాత్రనిండా నీళ్ళున్నా పువ్వు దాహంతో తలవాల్చడానికి ఇదొక కారణం. అందుకని కాడ చివర మరో అంగుళం నీళ్ళలో ముంచి ఉంచే కోయండి. కోసే కత్తి పదునుగా ఉండాలి, మొద్దు కత్తెర నాళాలను నలిపేస్తుంది. పూలు కోయవలసింది తెల్లవారుజామున. రాత్రంతా మొక్క నీరు పట్టి ఉంటుంది. నీటిలో మునిగే ఆకులన్నీ దూసేయాలి. లేకపోతే కుళ్ళి, బాక్టీరియా పెరిగి, నాళాలు మూసుకుపోతాయి. బంతి కాడల నీరైతే ఒక్క రోజుకే ముక్కు మూసుకునేంత వాసన వేస్తుంది, అది తినే బల్లమీద మరీ ఇబ్బంది. లీటరు నీటిలో ఒక చిన్న చెంచా పంచదార, రెండు చెంచాల నిమ్మరసం కలపండి. పంచదార పువ్వుకు ఆహారం, నిమ్మరసంలోని ఆమ్లం బాక్టీరియాను కొంత అదుపులో ఉంచుతుంది. నిమ్మరసం లేకుండా పంచదార ఒక్కటే వేస్తే మేలు కంటే కీడే ఎక్కువ, ఎందుకో మీరే ఆలోచించండి. నీరు రోజూ మార్చాలి.

మన ఇళ్ళలో పూలకు ప్రధాన శత్రువు సీలింగు ఫ్యాను. బల్ల సరిగ్గా దాని కిందే ఉంటుంది. ఆ గాలికి బాష్పోత్సేకం పెరిగి, కాడ తాగే నీరు చాలక పువ్వు వాడుతుంది. అతిథులు వచ్చేదాకా అలంకరణను చల్లగా, నీడగా ఉండే మూల ఉంచి, విస్తరి వేసే ముందు తెచ్చిపెట్టండి. మరో శత్రువు అరటిపళ్ళ అత్తం. పండుతున్న అరటి, మామిడి, ఆపిల్ వంటి పళ్ళు ఇథిలీన్ అనే వాయువును విడుదల చేస్తాయి. కార్నేషన్ వంటి పూలు దానికి రేకులు ముడుచుకుపోతాయి. పళ్ళూ పూలూ కలిపి పెట్టాలనుకుంటే కాయలు, నిమ్మకాయలు, లేదా దేనికీ త్వరగా లొంగని చామంతులు ఎంచుకోండి.

ఇప్పుడు చెప్పబోయేది పరీక్షలో అడిగినా అడగకపోయినా మరిచిపోకండి. గన్నేరు అందమైన పువ్వు, రోడ్డు పక్కన ఊరికే దొరుకుతుంది, తక్కువ ఖర్చు అనగానే చెయ్యి అటే వెళుతుంది. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పచ్చగన్నేరు మరీ ప్రమాదం. ఉమ్మెత్త కూడా అంతే. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే చేటు. వినాయకచవితి నాడు పూజించే ఇరవై ఒక్క పత్రిలో ఇవి మూడూ ఉన్నాయి. పూజ అయ్యాక మిగిలిన పత్రి పచ్చగా ఉంది కదా అని తెచ్చి భోజనాల బల్ల సర్దిన ఇంటిని నేను చూశాను. మూడేళ్ళ పిల్లవాడు కుర్చీ ఎక్కి అందులోంచి ఒక ఆకు తుంచుతున్నాడు. అదృష్టవశాత్తూ నోట్లో పెట్టుకోలేదు. పూజకు పనికివచ్చినదంతా పళ్ళెం పక్కకు పనికిరాదు. ఏ మొక్కో మీకు పేరు తెలియకపోతే దాన్ని తినే బల్లమీద పెట్టకండి.

ఇక ఋతువులు, పండగలు. ఉగాదికి కొత్త ప్రమిదలు ఆరు తీసుకోండి. ఒకదానిలో వేపపువ్వు, తక్కినవాటిలో కొత్త బెల్లం, కొత్త చింతపండు, మామిడి ముక్కలు, ఉప్పు, మిరియాలు. వాటిని మామిడాకుల వరుస మీద పొడుగ్గా అమర్చితే అదే సెంటర్‌పీస్. పచ్చడి కలిపే వేళకు అందులోంచే తీసుకుంటారు కనుక ఏదీ వృథా పోదు. వేపకొమ్మను అలాగే నిలబెట్టాలని చూడకండి, పువ్వంతా పులిహోరలో రాలుతుంది.

ఎండాకాలానికి నీరే అలంకరణ. వెడల్పాటి ఇత్తడి తాంబాళంలో మూడువేళ్ళ లోతు నీళ్ళు పోసి, నందివర్ధనాలో, రెండు గులాబీల రేకులో వేయండి. నీటిలో వట్టివేళ్ళు కాసిని వేస్తే సన్నటి చల్లని వాసన వస్తుంది. మల్లెలు మాత్రం గుప్పెడు మించవద్దు, సంపెంగ అసలే వద్దు. ఘాటైన పూలవాసన పప్పుచారు రుచిని తినేస్తుంది. మందారం గురించి ఒక చిన్న కిటుకు ఉంది. సాధారణంగా అది ఒక్క రోజు పువ్వు. నీళ్ళలో పెట్టినా పెట్టకపోయినా సాయంత్రానికి ముడుచుకుంటుంది. కాబట్టి కాడ లేదని బాధపడకుండా ఉదయం టిఫిను వేళకు ఉత్త పళ్ళెంలో పెట్టుకోవచ్చు, రాత్రి భోజనానికి పనికిరాదు.

వానాకాలంలో పూలు తడిసి త్వరగా కుళ్ళుతాయి. ఆకులతో పని కానివ్వండి. కొబ్బరాకు అల్లికలు, అరటాకు, తమలపాకులు చాలు.

దసరా మన పూలకాలం. తెలంగాణలో బతుకమ్మ పేర్చడం చూసినవారికి పూల రాశి కట్టడం గురించి నేను చెప్పవలసింది ఏమీ లేదు. అడుగు వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, వరుసకో రంగు, మధ్యలో ఖాళీ నింపడానికి ఆకులు. బతుకమ్మ దేవత, దాన్ని భోజనాల బల్ల మీదికి తెమ్మనడం లేదు. ఆ చేతిపని మాత్రం నేర్చుకోండి. ఆ కాలంలో దొరికే గునుగుపువ్వు మనకు పెద్ద వరం. చేలల్లో కలుపుగా మొలుస్తుంది. ఆ వెండి కంకులను కట్టగట్టి, నీడలో తలకిందులుగా వేలాడదీస్తే ఎండిన తరవాత కూడా ఆకారం చెడదు. సీతమ్మవారి జడగంటలు కూడా అంతే. దసరాకు ఎండబెట్టినవి సంక్రాంతికి, ఆ తరవాత కూడా వాడుకోవచ్చు. బంతిపూల ధర పండగ ముందురోజు ఆకాశంలో ఉంటుంది. పండగ మర్నాడు అవే పూలను కోత కూలీ కూడా రాదని రైతులు వదిలేయడం కద్దు. మీ వేడుక తేదీ మీ చేతుల్లో ఉంటే పండగ వెళ్ళిన రెండో రోజు పెట్టుకోండి. పువ్వు అదే, బేరం వేరు.

దీపావళికి నీటి గ్లాసులో పైన చెంచాడు నూనె పోసి, తేలే వత్తి పెడితే చాలా అందంగా ఉంటుంది. కానీ ఎండు గునుగు, కాగితం, పట్టుచీర కొంగు, ఈ మూడింటికీ దీపం అందనంత దూరంలో ఉండాలి. దీపం ఉన్నంతసేపూ ఆ ఫ్యాను ఆపేయాలి. బల్ల దగ్గర మనిషి లేనప్పుడు దీపం ఉండకూడదు.

క్రిస్మస్‌కు కోస్తాలో సరుగుడు కొమ్మలు సులువుగా దొరుకుతాయి. సూదుల్లా కనబడుతున్నా అవి ఆకులు కావు, కణుపులున్న సన్నటి కొమ్మలే. అసలు ఆకులు ఆ కణుపుల దగ్గర కంటికి ఆననంత చిన్న పొలుసులుగా ఉంటాయి. దాని చిన్న చిన్న కాయలు, రెండు ఎర్ర గులాబీలు, తెల్ల కొవ్వొత్తి చాలు. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరాల పళ్ళెమే మధ్యస్థానం. దాని చుట్టూ గులాబీ రేకులు, చీల్చిన దానిమ్మ ఉంటే ఇంకేమీ అవసరం లేదు.

సంక్రాంతిని చివరికి అట్టేపెట్టుకున్నాను. కొత్త వరి కంకులు, జానెడు చెరకు ముక్కలు, రేగుపళ్ళు, ఒక చిన్న గుమ్మడికాయ. వరి కంకులను కుచ్చుగా అల్లడం గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళకు తెలుసు, పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసేవారు. మీ అమ్మమ్మకో, పక్కింటి బామ్మగారికో ఆ అల్లిక వస్తుందేమో అడిగి, దగ్గర కూర్చుని నేర్చుకోండి. పుస్తకంలో బొమ్మ చూసి అల్లడం కష్టం. బల్లమీద అది పడుకోబెట్టి ఉంటే ఎత్తు సమస్యే రాదు. నీరు అక్కర్లేదు, వాడదు. భోజనాలయ్యాక వరండాలో కట్టేయండి. నాలుగు రోజుల్లో పిచ్చుకలు వస్తే ఖాళీ గడ్డి మిగులుతుంది.

ఈ వారం చేయవలసిన అభ్యాసం చెబుతాను. రాసుకోండి. ఒకే రకం చామంతులు తొమ్మిది తీసుకోండి. మూడు ఉత్త నీటిలో తేల్చండి, మూడు పంచదార, నిమ్మరసం కలిపిన నీటిలో తేల్చండి, మూడు ఈనెకు గుచ్చి అరటి బోదెలో నిలబెట్టండి. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా రెండు గంటలకోసారి చూసి, ఏది ఎప్పుడు వాడిందో పట్టిక వేయండి. ఫ్యాను వేసి ఉందో లేదో కూడా రాయాలి.

రెండో అభ్యాసం ఇంటిల్లిపాదీ తినే రోజున చేయండి. మీరు చేసిన అలంకరణ మధ్యలో పెట్టి, అందరినీ కూర్చోబెట్టి, ఒక్కో కుర్చీలోంచీ ఎదుటివైపుకు ఒక ఫోటో తీయండి. ఇప్పుడు రీలు ఖర్చు లేదు కదా, ఎన్నయినా తీయవచ్చు. అందరికంటే పొట్టిగా ఉన్నవారి కుర్చీ, అంటే నాయనమ్మదో, చిన్న తమ్ముడిదో, అది వదిలిపెట్టకండి. ఎవరి ముఖానికైనా పువ్వు అడ్డం వస్తే ఆ పువ్వు తీసేసి మళ్ళీ ఫోటో తీయండి. ఎన్ని పూలు తీయవలసి వచ్చిందో నోటుపుస్తకంలో రాసి, మీ లెక్చరరుకు చూపించండి.